వెనక్కి నడిచిన విమానం

చీఫ్ గదిలో వచ్చినవాళ్లకు కుర్చీ ఉండదు. నిలబడ్డ మనిషి తక్కువ మాట్లాడతాడని ఆయన నమ్మకం. కాకర విషయంలో ఆ నమ్మకం ఎప్పుడూ వమ్మయ్యేది. నిలబెట్టినా, కూర్చోబెట్టినా, తలకిందులుగా వేలాడదీసినా అతను అనదలుచుకున్నది అని తీరతాడు. డిపార్ట్‌మెంట్‌లో ఏజెంట్లకు కోడ్ పేర్లు పెట్టేది చీఫే. మిగతావాళ్లకు డేగ, చిరుత, మెరుపు అని పెట్టి ఇతనొక్కడికి కాకర అని పెట్టడం ఊరికే జరగలేదు.

"మీ బావ జాడ తెలిసింది," అన్నాడు చీఫ్ కళ్లజోడు తుడుచుకుంటూ.

కాకర గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

"సంబరపడకు. తెలిసింది జాడే. మనిషి వాళ్ల దగ్గరే ఉన్నాడు."

కాకర బావ రాడార్ ఇంజనీరు. తీరం పొడుగునా ఉన్న రాడార్లు ఆకాశంలో కనిపించిన విమానం మనదా, పరాయిదా అని తేల్చుకునే కోడ్ ఆయన బుర్రలో పుట్టిందే. మొన్న సాయంత్రం ఆఫీసులో బయల్దేరిన మనిషి ఇల్లు చేరలేదు. ఒక విదేశీ ముఠా ఆయన్ని ఎత్తుకుపోయి, మత్తుమందు ఎక్కించి, గుండెజబ్బు మనిషిలా స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, ఈ మధ్యాహ్నం ఎయిర్ అంబులెన్స్‌లో దేశం దాటించబోతోంది. పక్కన డాక్టర్ వేషంలో ముఠా నాయకుడే ఉంటాడు. అంబులెన్స్‌ని దారిలో అడ్డుకుంటే అతను ముందు పేషెంటునే చంపేస్తాడు. అందుకని చీఫ్ వేరే పథకం వేశాడు.

"విమానం నడిపేది మన మనిషి. రెండేళ్లుగా ఆ ముఠాలో ఉండి మనకు కబుర్లు పంపుతోంది. విమానం దించాక ఇంజన్లను మళ్లీ స్టార్ట్ కాని తీరులో ఆపుతుంది. అందరూ ఎక్కాక స్టార్ట్ కాదు. డాక్టర్ ఏమైందో చూద్దామని కాక్‌పిట్‌లోకి తలపెడతాడు, ఆవిడ తుపాకీ పెడుతుంది. నువ్వు కింద గ్రౌండ్ స్టాఫ్ వేషంలో నిలబడి చక్రాలకు చెక్కలు వెయ్యి. అంతకు మించి తెలివితేటలు చూపించకు."

కాకరకు బావంటే పడదు. బావకు కాకరంటే అసలే పడదు. బావమరిది ఏం చేసి బతుకుతున్నాడో ఇంట్లో ఎవరికీ తెలియదు, తెలియకూడదు కూడా. అందుకని బావ దృష్టిలో అతను పనీపాటా లేని జులాయి. పెళ్లిళ్లలో ఎదురుపడితే నలుగురి ముందూ ఆ మాట అనేవాడు. అతనూ ఊరుకునే రకం కాదు, ఇద్దరూ మాటామాటా అనుకుని మాట్లాడుకోవడమే మానేశారు. కానీ అక్క ఉందే! నిన్నటి నుంచి ఫోన్ మీద ఫోన్ చేస్తోంది. "మీ బావ కనబడటం లేదురా. పోలీసుల్లో నీకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?" అని ఒకటే ఏడుపు. తెలిసినవాళ్లు లేరని అబద్ధం చెప్పి పెట్టేశాక అతనికి అన్నం దిగలేదు.

ఆ ఎయిర్‌ఫీల్డ్ చిన్నది. రెండు రేకుల హ్యాంగర్ల నడుమ ఇరుకు సందులాంటి పార్కింగ్ బే, దాని వెనకాల పసుపుపచ్చ గీత, గీత దాటితే రన్‌వేకి దారి. కాకర నారింజ రంగు జాకెట్టు తొడుక్కుని, చెవులకు పెద్ద డిప్పలు తగిలించుకుని, విమానాలకు దారి చూపే ఎర్ర కర్రలు రెండు చేత్తో పట్టుకుని ఎండలో నిలబడ్డాడు. కుడి కర్రలో రేడియో ఉంది, అవతలి మాటలు చెవి డిప్పల్లో వినబడతాయి. డిపార్ట్‌మెంట్ సైంటిస్టు గొప్పగా ఇచ్చాడు. అతికించిన మీసం చెమటకు దురద పెడుతోంది. గోక్కుంటే ఊడుతుంది, గోక్కోకపోతే ప్రాణం పోతుంది.

విమానం దిగింది. రెండు ఇంజన్లకూ ప్రొపెల్లర్లున్న టర్బోప్రాప్. డిపార్ట్‌మెంట్‌లో చేరకముందు కాకర సర్వే కంపెనీలో ఆ రకం విమానాలే నడిపేవాడు కనుక తప్పులు వెతకడానికే చూశాడు. ఈ బండ్లను నేల మీద నడపడం ఒక తంటా. ఇంజన్ ఊరికే తిరుగుతున్నా ప్రొపెల్లర్ ముందుకు లాగుతూనే ఉంటుంది. కొత్తవాళ్లు బ్రేకు తొక్కుకుంటూ వచ్చి చక్రాల్లో పొగ తెప్పిస్తారు. పని తెలిసినవాళ్లు బ్రేకు జోలికే పోరు. పవర్ లివర్ కాస్త వెనక్కి తీస్తే ప్రొపెల్లర్ రెక్కల వాలు మారి లాగడం మానేస్తుంది. ఇంకాస్త తీస్తే వెనక్కే నెడుతుంది. వచ్చేవిడ ఆ పనే చేస్తోంది. మలుపులో ముక్కు చక్రాన్ని మెత్తగా తిప్పి, అతను కర్రలు చూపించిన చోటుకి కుదుపన్నది లేకుండా తెచ్చి నిలబెట్టింది. వంక పెట్టడానికి ఒక్కటీ దొరకనందుకు కాకరకు ఒళ్లు మండింది.

ఇంజన్లు ఆగాయి. ఈ రకం ఇంజన్లో ప్రొపెల్లర్, లోపలి ఇరుసు ఒకదానికొకటి బిగించి ఉంటాయి. ఆగిన వెంటనే వదిలేస్తే వేడికి ఇరుసు వంగుతుంది. అందుకని ఎవరో ఒకరు ప్రొపెల్లర్ని చేత్తో మెల్లగా తిప్పాలి. ఆ ఎవరో ఒకరు ఇవాళ కాకర. వెళ్లి రెక్క మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

రెక్కలు ముందు నుంచి చూస్తే అరచేతిలా వెడల్పుగా కనిపిస్తున్నాయి. ఉండాల్సింది అలా కాదు. ఈ ఇంజన్ ఆపేటప్పుడు పైలట్ లివర్లు వెనక్కి లాగితే, లోపల చిన్న పిన్నులు పడి రెక్కలు చదునుగా లాక్ అవుతాయి. అలా ఉంటేనే మళ్లీ స్టార్ట్ అవుతుంది. లాగకపోతే రెక్కలు వాటంతటవే తిరిగిపోయి ముందు నుంచి కత్తి అంచులా సన్నగా కనిపిస్తాయి. అప్పుడు మోటారు ఎంత మూలిగినా ఇంజన్ కదలదు. వాటిని మళ్లీ మళ్లించే పంపు ఒకటుంది కానీ, దాని ఫ్యూజు పీకి జేబులో వేసుకుంటానని ఆవిడ చీఫ్‌కి మాటిచ్చింది. ఒప్పందం ప్రకారం రెక్కలు సన్నగా కనబడాలి. ఇవి మాత్రం, ఇప్పుడు రమ్మంటే ఇప్పుడు వస్తాం అన్నట్టున్నాయి.

మెట్ల మీంచి కెప్టెన్ దిగింది. తెల్ల షర్టు ఇస్త్రీ నలగలేదు, నల్ల కళ్లద్దాలు, పెదాలకు ముదురు ఎరుపు. హ్యాంగర్లోని మెకానిక్కులు స్పానర్లు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"కుడి టైర్లో గాలి తక్కువుందేమో చూడు," అంది. అది కోడ్.

"గాలి సరిపోతుంది మేడమ్, ఎండే ఎక్కువ," అన్నాడు కాకర. అది జవాబు.

ఆవిడ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "నీ మీసం ఎడం వైపు వేలాడుతోంది. మీ చీఫ్‌కి ఇంతకన్నా పనికొచ్చేవాళ్లు దొరకలేదా?" అనేసి ఆఫీసు గదిలోకి వెళ్లిపోయింది. రెక్కల గురించి ఒక్క ముక్క అనలేదు. మరిచిపోయిన మనిషైతే నాలిక కరుచుకునేది. ఈవిడకు ఆ కంగారు లేదు.

కాకర హ్యాంగర్ నీడకు పోయి కర్రలో చెప్పాడు. ఆవిడ మోసం చేస్తోంది, ఇంజన్లు స్టార్ట్ కావడానికి రెడీగా ఉన్నాయి, పథకం మార్చండి అని. చీఫ్ నమ్మలేదు. అలవాటు కొద్దీ లాగి ఉంటుందన్నాడు. రెండేళ్లు ప్రాణాలకు తెగించిన మనిషి మీద ఒక ఫ్యాను రెక్కను చూసి నింద వేస్తావా అని కసిరాడు. నీకు ఎవరన్నా పడదు, అదే నీ రోగం అని కూడా అన్నాడు. కాకర తగ్గలేదు. రెండేళ్లుగా ఆవిడ పంపిన కబుర్లతో ఒక్కణ్నైనా పట్టుకున్నారా అని అడిగాడు.

"సరే, కదిలిందనుకో," అన్నాడు చీఫ్ చివరికి. "దానికీ ఏర్పాటుంది. ఫైర్ స్టేషన్ డాబా మీద షూటర్ ఉన్నాడు. చక్రాలు ఆ పసుపు గీత దాటితే విమానం రెక్కల్లోకి కాలుస్తాడు."

రెక్కల నిండా ఇంధనం ఉంది. "లోపల మా బావ ఉంటాడు సార్."

"కోడ్ ఉంది. అది వాళ్ల చేతికి పోకూడదు. నువ్వు చెక్కలు వెయ్యి."

అంబులెన్స్ సైరన్ లేకుండా వచ్చింది. డాక్టర్ వేషగాడు మెడలో స్టెతస్కోపుతో ముందు దిగాడు. కుడి చెయ్యి మాత్రం స్ట్రెచర్ మీది దుప్పటి కిందే ఉంచాడు. ఆ చేతిలో ఏముందో అడగాల్సిన అవసరం లేదు. దుప్పటిలోంచి బావ మొహం కనిపించింది. గడ్డం మాసి, నోరు కొద్దిగా తెరుచుకుని, కళ్లజోడు లేకుండా, ఎవరో ముసలాయనలా ఉన్నాడు. ఎన్నిసార్లు ఆ మొహాన్ని చూసి పళ్లు నూరుకున్నాడో! ఇప్పుడు కాకర ఒకడుగు జరిగి, ఆ మొహం మీద ఎండ పడకుండా నిలబడ్డాడు.

సామాను ఎక్కించేటప్పుడు వెనక బరువు పెరిగి విమానం కూలబడకుండా తోక కింద ఒక ఇనుప కాలు పెడతారు. కాకర ఆ కాలు పెట్టి, స్ట్రెచర్ పట్టడానికి లోపలికి వెళ్లాడు. డాక్టర్ అన్నీ వెనక్కే పెట్టించాడు. ఆక్సిజన్ సిలిండర్లు, పెట్టెలు, చివరికి స్ట్రెచర్ కూడా. కాకర దిగి ముక్కు చక్రం వంక చూశాడు. దాని మీద బరువే లేనట్టు కాలు నిక్కబొడుచుకుని ఉంది. అప్పుడు తట్టింది అతనికి. తట్టిన మరుక్షణం మళ్లీ లోపలికి వెళ్లి, స్ట్రెచర్ బెల్టులు ఒక్కొక్కటీ లాగి బిగించడం మొదలుపెట్టాడు. ఛాతీ మీద, నడుం మీద, మోకాళ్ల మీద.

"ఏయ్, చాల్లే. దిగు," అని కసిరాడు డాక్టర్.

"రూలు సార్. పేషెంటు కదలకూడదు," అని చివరి బెల్టు కూడా బిగించే దిగాడు.

కెప్టెన్ వచ్చి కాక్‌పిట్‌లో కూర్చుంది. తోక కింది కాలు తీసెయ్యమని సైగ చేసింది. తీశాడు. చక్రాలకు వేసిన చెక్కలు కూడా లాగెయ్యమంది. అదీ చేశాడు. చెయ్యకపోతే డాక్టర్ చెయ్యి దుప్పటి కింద ఉండనే ఉంది. మొదటి ఇంజన్ మూలిగి, ఈల వేసి, అందుకుంది. రెండోదీ అందుకుంది.

దూరాన కారులోంచి చూస్తున్న చీఫ్ గొంతు చెవి డిప్పలో పగిలింది. "ఎందుకు తిరుగుతోంది అది? స్టార్ట్ కాకూడదు కదా?"

"తమరికి మనవి చేసుకున్నాను సార్, ఫ్యాను రెక్క గురించి."

ఇంజన్ల శబ్దం ఒక్కసారి బొంగురుపోయింది. లివర్లు వెనక్కి లాగి రెక్కల లాకులు వదిలించిందన్నమాట. ఇక కదలడమే తరువాయి. పక్కనే సామాన్ల ట్రాక్టర్ ఉంది. కాకర ఎక్కి, నేరుగా తెచ్చి విమానం ముక్కుకి అడ్డంగా పెట్టి, తాళంచెవి పీకి హ్యాంగర్ కప్పు మీదికి విసిరేశాడు. ఇరుపక్కలా గోడలు, ముందు ట్రాక్టర్. వెనక స్ట్రెచర్ పక్కన నిలబడ్డ డాక్టర్‌కి ఇదేమీ కనబడదు. చీఫ్‌కి ప్రాణం లేచొచ్చింది. భలే, ఇంకెక్కడికీ పోలేదన్నాడు.

"పోతుంది సార్. వెనక్కి."

"విమానం వెనక్కెలా పోతుంది?"

జవాబు కెప్టెనే చెప్పింది. నల్ల కళ్లద్దాలు తీసి, అద్దంలోంచి కాకర వంక చూసి, చిన్నగా నవ్వి, లివర్లు పూర్తిగా వెనక్కి లాగింది. ప్రొపెల్లర్లు గర్జించాయి. గాలి ఇప్పుడు ముందుకు విరుచుకుపడుతోంది. దుమ్ము, ఇసుక, గులకరాళ్లు కాకర మొహాన్ని కొట్టాయి. మీసం ఎటో ఎగిరిపోయింది, పీడా పోయింది. విమానం వెనక్కి నడవసాగింది.

అతనికి కావాల్సిందీ అదే. వెనక్కి పోతున్న టర్బోప్రాప్‌ని ఆపాలంటే లివర్లు ముందుకు తోయాలి. బ్రేకు మాత్రం తొక్కకూడదు. తొక్కితే చక్రాలు ఆగుతాయి, ఒళ్లు ఆగదు. ముక్కు లేచి తోక నేలకు కూలబడుతుంది. అందులోనూ ఈ విమానం బరువంతా వెనకే ఉంది. లోపల బిగించి కట్టిన మనిషికి ఏమీ కాదు, నిలబడ్డ మనిషి మాత్రం గాల్లో ఉంటాడు. అంతా బాగానే ఉంది. కానీ ఆ సంగతి కెప్టెన్‌కి తెలియదా? అతనికన్నా బాగా తెలుసు. ఆవిడ బుర్ర బ్రేకు తొక్కదు. తొక్కితే కాళ్లే తొక్కాలి.

ప్రతి పైలట్‌కీ మొదటి రోజు నుంచీ కాళ్లకు నూరిపోసే సంగతి ఒకటుంది. నేల మీద మనిషి కర్రలు రెండూ తల మీద అడ్డంగా పెట్టాడంటే, ఎందుకని అడక్కుండా ఆగాలి. ఎవరో చక్రాల కింద పడబోతున్నారని దాని అర్థం. వేల సార్లు ఆగిన కాళ్లు అవి. పైగా తన వెనకేముందో ఆవిడకు కనబడదు. కాకర ట్రాక్టర్ బానెట్ మీదికి ఎక్కి, దుమ్ములోంచి పైకి నిలబడ్డాడు.

"గీత దగ్గరికొచ్చేసింది," అన్నాడు చీఫ్. "షూటర్, రెడీ."

"సార్, ఒక్క క్షణం ఆగండి."

"నా వల్ల కాదు. నీ బావ గురించి నాకూ బాధే."

ఆ మాటకి కాకర ఏం తిట్టాడో ఇక్కడ రాయడం కుదరదు. తిట్టి, కెప్టెన్ వంక చూడటం మానేశాడు. విమానం తోక వెనక్కి చూశాడు. అక్కడ ఏమీ లేదు, ఎండకు మండుతున్న సిమెంటు తప్ప. ఆ ఏమీ లేనిచోట అక్క నిలబడి ఉన్నట్టు, విమానం ఆమె మీదికే పోతున్నట్టు అనుకున్నాడు. మొహంలోకి భయం నిజంగానే వచ్చేసింది. నోరు తెరుచుకుంది. రెండు చేతులూ లేచి కర్రలు తల మీద ఠక్కున అడ్డంగా పడ్డాయి.

కాళ్లు తొక్కేశాయి.

చక్రాలు కీచుమని బిగుసుకున్నాయి. ముక్కు మెల్లగా, ఎంతో మర్యాదగా పైకి లేచింది. తోక సిమెంటు మీద కూలబడి రేకు నలిగిన చప్పుడైంది. చెవిలో చీఫ్ "కాల్చు" అనబోయి "ఆగు, ఆగు" అన్నాడు. వెనక చక్రాలు పసుపు గీతకు జానెడు ఇవతల ఆగి ఉన్నాయి. కాక్‌పిట్‌లో కెప్టెన్‌కి ఇప్పుడు ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. తోక నలిగిన విమానంతో ఎక్కడికీ ఎగరలేనని ఆవిడకు వేరే చెప్పక్కర్లేదు. ఇంజన్లు తనే ఆపేసింది.

కాకర దిగి పరుగెత్తాడు. వెనక తలుపు మోకాలెత్తుకు దిగి ఉంది. లాగి లోపలికి దూరాడు. డాక్టర్ వేషగాడు వెనక గోడకు కొట్టుకుని, సిలిండర్ల మధ్య మడత పడి మూలుగుతున్నాడు. పిస్టల్ ఏ మూలకు జారిందో అతనికే తెలియదు. బావ మాత్రం బెల్టుల్లో తాడు చుట్టిన బొంగరంలా బిగుసుకుని, ఎక్కడివాడక్కడే ఉన్నాడు. కాకర ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. వెచ్చగా ఊపిరి తగిలింది. కాసేపు అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

హ్యాంగర్లోని మెకానిక్కుల్లో సగం మంది పోలీసులే. వాళ్లు కెప్టెన్‌ని దింపి చేతులకు సంకెళ్లు వేశారు. ఆవిడ కాకర ముందు ఆగింది.

"రివర్స్‌లో బ్రేకు తొక్కకూడదని కొత్త పైలట్లకు పాఠం చెప్పేదాన్ని నేను," అంది, పళ్ల మధ్య నుంచి.

"బుర్రకు చెప్పి ఉంటారు మేడమ్. కాళ్లకు చెప్పడం మరిచిపోయారు."

"వెనకాల ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

ఆవిడ వెళ్తూ వెళ్తూ తోక వంక ఒకసారి చూసుకుని తల తిప్పేసుకుంది.

చీఫ్ కారు దిగి కోటు సర్దుకుంటూ వచ్చేసరికి బావకు మత్తు దిగుతోంది. స్ట్రెచర్ని నీడలో పెట్టారు. చీఫ్ వంగి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. మీ ప్రాణం దేశానికి ఎంత విలువైనదో మాకు తెలుసునన్నాడు. మిమ్మల్ని కాపాడుకోవడానికి మేం చెయ్యని ప్రయత్నం లేదన్నాడు. ఆ ప్రయత్నాల్లో ఒకటి ఫైర్ స్టేషన్ డాబా మీద తుపాకీ విప్పి సంచీలో సర్దుకుంటోంది. బావ కళ్లలో నీళ్లు తిరిగాయి. మీలాంటి దేవుళ్లుండబట్టే మేం బతుకుతున్నామని రెండు చేతులూ జోడించాడు.

అప్పుడు పక్కన నారింజ జాకెట్టులో, మొహం నిండా దుమ్ముతో ఉన్న మనిషి మీద ఆయన చూపు పడింది. కళ్లజోడు లేకపోయినా గుర్తుపట్టాడు.

"నువ్వా? ఇక్కడ విమానాల దగ్గర కర్రలు ఊపుతున్నావా?"

"అవును బావా."

"తప్పుడు సైగ చేసి పడగొట్టింది నువ్వేనటగా. పోలీసులు అనుకుంటున్నారు, విన్నాను. నా వీపు విరిగిపోయింది. ఒక్క పనైనా సరిగ్గా చేసి చచ్చావా జన్మలో? ఇదిగో, ఈ పెద్దమనిషిని చూసి నేర్చుకో."

చీఫ్ ఆకాశం వంక చూశాడు. కాకర నోట్లోకి చాలా మాటలు వచ్చాయి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక్కటీ బయటికి రానివ్వలేదు. జాకెట్టు విప్పి బావ తల కింద పెట్టి, పక్కకు వెళ్లి ఫోన్ తీశాడు.

"అక్కా, బావ దొరికాడు."

అక్క భయం భయంగా అడిగింది. "నిజం చెప్పరా. ఎలా ఉన్నాడు?"

"నన్ను తిడుతున్నాడు."

అక్క భోరుమంది. "అయితే బాగానే ఉన్నాడు," అంది ఏడుస్తూనే.